రిసార్టులో ఆరు వారాల బస, బదులుగా మూడు చిత్రాలు: సంతకానికి ముందు చూసుకోవలసినవి

గుంటూరులో ఉంటూ అక్రిలిక్, నీటిరంగుల చిత్రాలు వేస్తున్న మీకు, అమరావతి దారిలో కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఖరీదైన రిసార్టు నుంచి రెసిడెన్సీకి, అంటే కొంతకాలం అక్కడే ఉండి బొమ్మలు వేసుకునే ఏర్పాటుకు, పిలుపు వచ్చిందని రాశారు. ఆషాఢం మొదలైన రోజు నుంచి ఆరు వారాలు గది, భోజనం ఉచితం. అందుకు బదులుగా మూడు పెద్ద చిత్రాలు రిసార్టుకు ఇచ్చివేయాలి, వారానికి రెండు సాయంత్రాలు అతిథుల ఎదుట బొమ్మ వేయాలి, శని ఆదివారాల్లో పిల్లలకు తరగతి నడపాలి, ‘రెసిడెన్సీ కాలంలో తయారైన సమస్త కృతుల మీద, వాటి ఛాయాచిత్రాల మీద సర్వహక్కులు రిసార్టువే’ అన్న వాక్యం ఉన్న రెండు పేజీల ఒప్పందం మీద సంతకం చేయాలి. నగదు మాత్రం ఏమీ లేదు. వెళ్లాలా, వద్దా అన్నది మీ ప్రశ్న. నేను విజయవాడలో చాలాకాలంగా బొమ్మలు వేస్తూ, నేర్పుతూ ఉన్నవాణ్ని. ఇలాంటి కార్యక్రమాలకు చిత్రకారుడిగా వెళ్లాను, హోటళ్ల తరఫున చిత్రకారులను ఎంపిక చేసే పనిలోనూ కూర్చున్నాను. రెండు వైపుల నుంచీ చూసిన మీదట నా సమాధానం ఇది: వెళ్లవచ్చు, కాని ఆ కాగితం మీద సంతకం చేసి మాత్రం కాదు.

ముందుగా కాలం లెక్క చూద్దాం. రెసిడెన్సీ పేరుతో చిత్రకారులకు ఎవరైనా ఇవ్వగలిగినది ప్రధానంగా కాలమే. గది, భోజనం, నది ఒడ్డు, ఈతకొలను అన్నీ ఆ కాలానికి అండగా ఉండేవి. ఆరు వారాలంటే 42 రోజులు. అందులో శని ఆదివారాలు 12 రోజులు పిల్లల తరగతులకు పోతాయి. అతిథుల ఎదుట బొమ్మ వేసే సాయంత్రాలు మరో 12. ఈజిల్, రంగులు మోసుకెళ్లి పరచుకోవడం, మధ్యమధ్య ఫోటోలకు నిలబడటం, మళ్లీ అన్నీ కడిగి సర్దుకోవడం కలుపుకుంటే ఒక్కొక్క సాయంత్రం సగం రోజును మింగుతుంది కాబట్టి, అవి ఆరు రోజులు. మీరు చెప్పిన 3×4 అడుగుల చిత్రం ఒక్కోదానికి ఆరు రోజుల చొప్పున వేసుకున్నా మూడింటికి 18 రోజులు. మొత్తం 36 రోజులు వారి పనికే సరిపోయాయి. మీ సొంత పనికి మిగిలేవి ఆరు రోజులు, అవి కూడా వరుసగా దొరకవు. దీనిని రెసిడెన్సీ అనడం కష్టం. తిండి, బస పెట్టి జీతం ఎగ్గొట్టే ఉద్యోగం అనవచ్చు. ఉద్యోగం చేయడంలో తప్పేమీ లేదు, అయితే ఉద్యోగమైతే జీతం అడగాలి, రెసిడెన్సీ అయితే తీరిక అడగాలి. వారు పంపిన కాగితంలో రెండూ కలిసిపోయి ఉన్నాయి, రెండింటిలో దేనికీ మీకు ముట్టవలసినది ముట్టడం లేదు.

తీరిక ఇవ్వడమంటే ఏమిటో చూడాలంటే, అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో 1907లో మొదలైన మెక్‌డోవెల్ సంస్థను గమనించవచ్చు. అక్కడ చెట్ల మధ్య విడివిడిగా కట్టిన స్టూడియోల్లో కళాకారులు పనిచేసుకుంటారు. మధ్యాహ్న భోజనాన్ని బుట్టలో సర్ది గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోతారు తప్ప లోపలివారి పనికి అడ్డు తగలరు. హోటళ్లతో ముడిపడిన కార్యక్రమాల్లో, షాంఘైలో 2011లో ప్రారంభమైన స్వాచ్ ఆర్ట్ పీస్ హోటల్ కళాకారులకు కొన్ని నెలల పాటు బస, పనిచోటు ఇచ్చి, వెళ్లేటప్పుడు తమ గుర్తుగా ఏదైనా ఒకటి వదిలి వెళ్లమంటుంది. కెనడాలోని ఫోగో ద్వీపంలో 29 గదుల ఖరీదైన హోటలు ఉంది. అదే నిర్వాహకుల చేతుల్లో ఉన్న కళాసంస్థ స్టూడియోలు మాత్రం హోటలు లోపల లేవు, సముద్రపు ఒడ్డున రాళ్ల మీద దూరదూరంగా నిలబడి ఉంటాయి. అతిథుల విడిదిని, కళాకారుల పనిచోటును వేరుగా ఉంచిన ఈ పద్ధతి అన్నింటికన్నా ఆరోగ్యకరమైనదని నేను నమ్ముతాను. మన దేశంలో 1997లో ఢిల్లీ కేంద్రంగా మొదలైన ఖోజ్ వంటి సంస్థలు కళాకారులే నడుపుకునేవి కనుక వాటి దారి వేరు. 1966లో చెన్నై పక్కన చోళమండలం అనే కళాకారుల గ్రామాన్ని స్థాపించుకున్న చిత్రకారులైతే బాతిక్ వస్త్రాలు, చేతిపనులు అమ్ముకుని ఆ డబ్బుతో తమ తీరికను తామే కొనుక్కున్నారు.

ఇచ్చిపుచ్చుకోవడాన్ని నేను తప్పుపట్టను. 1967లో ఎయిరిండియా కోసం యాష్‌ట్రే రూపొందించిన స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ అందుకు ప్రతిఫలంగా ఒక ఏనుగును అడిగితే, ఆ సంస్థ బెంగళూరు నుంచి ఏనుగుపిల్లను విమానంలో పంపింది. మనకు ఏనుగు అక్కరలేదు గాని, ఏమి ఇస్తున్నామో, ఏమి పుచ్చుకుంటున్నామో ముందే తేల్చుకునే తీరు ఆయన దగ్గర నేర్చుకోదగినది.

ఇప్పుడు రిసార్టు వైపు నుంచి చూడండి. వారు ఆషాఢాన్ని ఎందుకు ఎంచుకున్నారో మన ప్రాంతం వారికి వివరించనక్కరలేదు. కృష్ణ ఒడ్డు రిసార్టులకు రాబడిలో పెద్ద భాగం పెళ్లిళ్లు, నిశ్చితార్థాలు, షష్టిపూర్తుల నుంచి వస్తుంది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, ఎండాకాలం సెలవులు అయిపోయి ఉంటాయి, గదులు ఖాళీగా పడి ఉంటాయి. రోజుకు 12,000 రూపాయల అద్దె గదిని ఆరు వారాలు ఉచితంగా ఇస్తున్నామని వారు చెప్పేటప్పుడు, ఆ నెలలో ఆ గదికి మనిషి దొరకడన్న సంగతి చెప్పరు. ఖాళీ గదిలో ఒకరిని ఉంచితే వారికి నిజంగా అయ్యే ఖర్చు దుప్పట్లు ఉతకడం, కరెంటు, వంటశాలలో ఒక మనిషి భోజనం. అది అద్దె ధరలో చిన్న భాగమే. మీ చిత్రం ఒక్కొక్కటి 45,000 రూపాయలకు అమ్ముడవుతున్నదని రాశారు, అంటే మూడు చిత్రాలు 1,35,000 రూపాయలు. లాబీకి, రెస్టారెంటుకు అలంకరణ చిత్రాలు బయట కొనుక్కుంటే వారికి అంత డబ్బు చేతి నుంచి కదలాలి. కనుక బేరం వారికి గిట్టుబాటైనదే, మీరు మొహమాటపడవలసిన అవసరం లేదు.

అయితే ఆషాఢం మీకూ మంచిదే. పెళ్లి జనం లేని రిసార్టంత నిశ్శబ్దమైన చోటు మన రెండు నగరాల చుట్టుపక్కల దొరకడం కష్టం. చూసుకోవలసింది చివరి రెండు వారాల సంగతి. ఆషాఢం నాలుగు వారాలతో ముగిసి శ్రావణం వస్తుంది. మౌఢ్యం అడ్డురాకపోతే శ్రావణంలో ముహూర్తాలు మొదలై, లాన్‌లో సంగీత్, బ్యాంకెట్ హాలులో డీజే, మీ గదికి రెండువైపులా పెళ్లివారు దిగుతారు. ఆ రోజుల్లో గది కావలసి వచ్చి ‘రెండు రోజులు సర్దుకోండి’ అంటూ మిమ్మల్ని వెనక వైపు గదికి మార్చే ప్రమాదం కూడా ఉంది. పంచాంగం దగ్గర పెట్టుకుని వారి బుకింగులు అడగండి. గది మార్చబోమని రాయించుకోండి, లేదా ఆరు వారాలకు బదులు నాలుగు వారాలకే ఒప్పుకోండి. పెళ్లిళ్ల నడుమ గడిపే రెండు వారాల కన్నా ముందున్న నాలుగు వారాలే మీ పనికి ఎక్కువ ఉపయోగపడతాయి.

ఇక హక్కుల విషయం. ఇక్కడ ఎక్కువసేపు ఆగవలసి ఉంటుంది, ఎందుకంటే చిత్రకారుల్లో చాలామందికి ఉన్న నమ్మకం ఈ సందర్భంలో పూర్తిగా నిజం కాదు. ‘చిత్రాన్ని అమ్మినా కాపీరైట్ చిత్రకారుడిదే, ఒప్పందంలో ఏమీ రాయకపోతే నాకే మేలు’ అని మనవాళ్లు అనుకుంటారు. మీ అంతట మీరు వేసుకున్న చిత్రాన్ని అమ్మినప్పుడు అది నిజమే. కాని 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లోని (బి) క్లాజు ప్రకారం, ఎవరైనా కోరగా, తగిన ప్రతిఫలం పుచ్చుకుని వేసిన చిత్రానికి, అందుకు విరుద్ధమైన ఒప్పందం ఏదీ లేకపోతే, వేయించుకున్నవారే కాపీరైట్‌కు మొదటి యజమానులవుతారు. ప్రతిఫలమంటే నగదే కానవసరం లేదు, ఆరు వారాల బసను, భోజనాన్ని ప్రతిఫలమేనని వారి వకీలు వాదించగలడు. అంటే మీ విషయంలో మౌనం మీకు రక్షణ కాదు. ‘సర్వహక్కులు రిసార్టువే’ అన్న వాక్యాన్ని కొట్టివేయిస్తే సరిపోదు. దాని స్థానంలో ‘రెసిడెన్సీ కాలంలో వేసిన అన్ని చిత్రాల కాపీరైట్‌కు మొదటి యజమాని చిత్రకారిణే’ అన్న వాక్యం కనబడాలి. విచిత్రమేమిటంటే ఆ క్లాజులో ఛాయాచిత్రం, చిత్రలేఖనం, రూపచిత్రం, ఎన్‌గ్రేవింగ్, సినిమా ఉన్నాయి గాని శిల్పం లేదు. కనుక మన తెనాలి శిల్పులు ఇదే రిసార్టుకు విగ్రహం చేసి ఇస్తే ఈ క్లాజు వారికి వర్తించదు, మీకు వర్తిస్తుంది.

మొదటి యజమాని ఎవరన్న ప్రశ్న అక్కడితో ఆగదు. అదే చట్టంలోని 53ఏ సెక్షన్ ప్రకారం, పదివేల రూపాయలు దాటిన ధరకు ఒక మూలచిత్రం తిరిగి అమ్ముడైనప్పుడు చిత్రకారుడికి అందులో వాటా కోరే హక్కు ఉంది, ఆ వాటా పది శాతం మించకూడదు. అయితే ఈ హక్కు 17వ సెక్షన్ కింద మొదటి యజమాని అయిన చిత్రకారుడికే దక్కుతుంది. మీరు అక్కడ జారవిడుచుకుంటే ఇక్కడ కూడా పోతుంది. రిసార్టులు చేతులు మారుతూ ఉంటాయి. కొత్త యాజమాన్యం గోడల మీది చిత్రాలను ఒక్క రోజులో అమ్మివేయవచ్చు.

రిసార్టుకు అసలు కావలసింది ఏమిటని నిదానంగా అడిగి చూడండి. మీ చిత్రాన్ని లాబీలో వేలాడదీయడం, తమ వెబ్‌సైటులో, ఇన్‌స్టాగ్రామ్‌లో దాని ఫోటో పెట్టుకోవడం, ఇంతే అయితే వారికి కాపీరైట్‌తో పని లేదు, పరిమితమైన అనుమతి చాలు. ఒప్పందంలో హద్దులు రాయకుండా వదిలేస్తే ఏమవుతుందో చెబుతాను. లాబీలో వేలాడిన చిత్రం మొదట మెనూ కార్డు అట్ట మీదికి వస్తుంది, తరువాత గది తాళం కార్డు కవరు మీదికి, ఆ తరువాత పెళ్లివారికి ఇచ్చే పూతరేకుల డబ్బా మీదికి. డబ్బా మూత కొలతకు సరిపడేలా పై భాగం కత్తిరించి, సంతకం ఉన్న మూలన రిసార్టు లోగో వేస్తారు. అందుకని అనుమతి ఏ పనికి, ఎంతకాలం, ఎక్కడ అన్న మూడూ రాయాలి. చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని అర్థం చేసుకోవాలని కూడా అందులోనే ఉంది. వారు పంపిన వాక్యంలో కాలమూ లేదు, ప్రాంతమూ లేదు కనుక, అది కనిపిస్తున్నంత భయంకరమైనది కాదని మీ వకీలు చెప్పవచ్చు. అయినా కోర్టులో గెలవగలిగిన వాక్యం కన్నా కోర్టు దాకా పోనవసరం లేని వాక్యం మేలు. వస్తువుల మీద అచ్చు వేసుకోవాలంటే ప్రతిసారీ విడిగా అడిగి, విడిగా డబ్బు ఇవ్వాలని రాయించండి.

గోడ మీద మ్యూరల్ కూడా వేయమని తరువాత అడుగుతారని నా అనుమానం, ఎందుకంటే దాదాపు అందరూ అడుగుతారు. అప్పుడు అమర్‌నాథ్ సెహగల్ కేసు గుర్తుంచుకోండి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం ఆయన చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో మరమ్మతుల పేరుతో ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన దావా వేస్తే, ఢిల్లీ హైకోర్టు 2005లో శిల్పపు శకలాలను ఆయనకు తిరిగి ఇచ్చివేయాలని, ఐదు లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. కర్త పేరు నిలుపుకునే హక్కు, కృతిని వికృతం చేయకుండా అడ్డుకునే హక్కు కాపీరైట్ బదిలీ అయిన తరువాత కూడా కర్తకే ఉంటాయని 57వ సెక్షన్ చెబుతుంది, ఆ తీర్పుకు ఆధారం అదే. అయితే చిత్రాన్ని ప్రదర్శించకుండా మూలన పెట్టినందుకు మాత్రం ఆ సెక్షన్ కింద ఫిర్యాదు చేయలేరు. సెహగల్ తీర్పు కోసం పదేళ్లకు పైగా ఎదురుచూశారు, మీరూ నేనూ అంతకాలం ఎదురుచూడలేము. రిసార్టులు కొన్నేళ్లకొకసారి గోడలు, రంగులు మార్చడం మామూలే కనుక, మ్యూరల్ చెరిపే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలని, తీసుకెళ్లగలిగినదైతే మీరు తీసుకెళ్లే అవకాశం ఇవ్వాలని ముందే రాసుకోవడం తెలివైన పని.

పన్ను సంగతి మీ లేఖలో లేదు, అసలు ఇబ్బంది అక్కడి నుంచే రావచ్చు. వృత్తిలో భాగంగా ఎవరికైనా వస్తు రూపంలో గాని, సౌకర్య రూపంలో గాని ఏడాదిలో 20,000 రూపాయలకు మించిన ప్రయోజనం కల్పించే సంస్థ, దాని విలువ మీద పది శాతం టీడీఎస్ (ఇచ్చేవారే ముందుగా ప్రభుత్వానికి కట్టే పన్ను) జమ చేయాలన్న నిబంధన 2022 జులై 1 నుంచి అమలులో ఉంది. అది పాత ఆదాయపు పన్ను చట్టంలో 194ఆర్ సెక్షన్. కొత్త చట్టంలో అంకె మారింది. మీ గదిని అద్దె ధరకే లెక్క కడితే 42 రోజులకు 5,04,000 రూపాయలు, దాని మీద పది శాతం 50,400 రూపాయలు. నగదు లేని ప్రయోజనం కనుక, అందులోంచి కోసుకోవడానికి వీలులేదు. ఆ పన్ను చెల్లింపు జరిగిందో లేదో చూసుకోవలసిన బాధ్యత రిసార్టుది. దానితో వారి అకౌంట్స్ విభాగం వారు చివరి వారంలో మీ దగ్గరకు వచ్చి ‘మేడం, యాభై వేలు కట్టాలి’ అనే అవకాశం ఉంది. అంతేకాక, ఆ ఐదు లక్షలు మీ పన్ను ఖాతాలో మీ రాబడిగా కనిపిస్తాయి. మూడు చిత్రాలు బదులు ఇచ్చారు కనుక ఇది ఉచిత ప్రయోజనమా, వస్తుమార్పిడా, విలువ ఎంత అన్న ప్రశ్నలకు ఆడిటరే సమాధానం చెప్పాలి. మీరు చేయవలసింది రెండు పనులు: గదికి, భోజనానికి వారు తమ లెక్కల్లో ఎంత విలువ రాయబోతున్నారో ముందే తెలుసుకోవడం, టీడీఎస్ భారం రిసార్టుదేనని ఒప్పందంలో రాయించడం. గది అద్దె తగ్గే కాలమన్న వాదన ఇక్కడ మీకు పనికివస్తుంది, ఆషాఢంలో వారు బయటివారికి ఎంత ధరకు ఇస్తున్నారో ఆన్‌లైన్ బుకింగ్ సైట్లలో తేదీలు వేసి చూస్తే కనబడుతుంది.

పనిచోటు గురించి. ‘గదిలోనే వేసుకోండి, బాల్కనీ నుంచి నది కనిపిస్తుంది’ అని వారు అన్నారని రాశారు. నది కనిపించడం బాగుంటుంది గాని, ఖరీదైన హోటలు గది బొమ్మ వేయడానికి కట్టినది కాదు. అందులో వెలుతురు అంతా పసుపుపచ్చగా, వెలుతురు రంగును కొలిచే కెల్విన్ లెక్కలో 2700–3000 మధ్య ఉంటుంది. ఆ దీపాల కింద వేసిన నీలాలు, ఊదాలు పగటి వెలుతురులోకి తెచ్చి చూస్తే మరోలా ఉంటాయి. 5000 కెల్విన్ల, సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90 దాటిన ఎల్ఈడీ ట్యూబులు నాలుగు పెట్టించమనండి, వారికి అది పెద్ద ఖర్చు కాదు. రెండవది తాళం కార్డు. తలుపు పక్కన గూటిలోంచి కార్డు తీసి మీరు భోజనానికి వెళ్లగానే ఏసీ ఆగిపోతుంది. తలుపులు మూసి ఉన్న గదిలో వానాకాలపు నదిగాలి తేమ పేరుకుంటుంది, మీరు తిరిగి వచ్చి కార్డు పెట్టగానే మళ్లీ చల్లబడుతుంది. రోజుకు నాలుగైదు సార్లు ఇలా జరిగితే నీటిరంగుల కాగితం బిగిసి, వదులై, అలలు తేలుతుంది, రెండు మూడు వారాల్లో అంచున బూజు మచ్చలు కూడా రావచ్చు. కార్డు తీసినా ఏసీ నడిచేలా ఇంజనీరింగ్ విభాగం వారు చేయగలరు, అడిగితే చేస్తారు. మూడవది నీళ్లు. అక్రిలిక్ కుంచెలు తెల్లటి పాలరాతి వాష్‌బేసిన్‌లో కడిగితే రంగు ఎండి ప్లాస్టిక్ పొరలాగా పట్టుకుంటుంది, చెక్ అవుట్ రోజున దాని బిల్లు మీ చేతికి వస్తుంది.

అందుచేత గదిని నిద్రకు ఉంచుకుని, పనికి వేరే చోటు అడగండి. ఏ రిసార్టులోనైనా వాడకం లేని స్పా గదో, కుర్చీలు పేర్చి ఉంచే బ్యాంకెట్ స్టోరో, తోటమాలుల షెడ్డో ఉంటుంది. సిమెంటు నేల, ఉత్తరపు కిటికీ, బయట ఒక కుళాయి ఉన్న షెడ్డు వారి ప్రెసిడెన్షియల్ సూట్ కన్నా మీకు విలువైనది. అది మొదటి అంతస్తులో ఉంటే ఇంకా మంచిది. శ్రావణానికి కృష్ణకు నీరు రావడం మొదలవుతుంది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, ప్రకాశం బ్యారేజీకి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు నేల అంతస్తుల్లో కాగితం అన్నది మిగలలేదు. పూర్తయిన చిత్రాలు ఎక్కడ భద్రపరుస్తారో, నష్టం వస్తే ఏ ధర చెల్లిస్తారో ఒప్పందంలో అంకెతో సహా ఉండాలి. తైలవర్ణాలు వాడేవారు ఇది చదువుతుంటే వారికి ఒక మాట: అవిసె నూనెతో తడిసిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో వేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు, హౌస్‌కీపింగ్ సిబ్బందికి ఇది తెలియదు, మీరే చెప్పాలి.

సాయంత్రపు ప్రదర్శనల గురించి నా అభిప్రాయం కొంత కటువుగా ఉంటుంది. ఈతకొలను పక్కన, సితార్ రికార్డు మోగుతుండగా, సమోసాలు అందుకుంటున్న అతిథుల మధ్య నిలబడి వేసే బొమ్మ మీ బొమ్మ కాదు. తడి చేతులతో వచ్చిన పిల్లవాడు కాన్వాసును తాకుతాడు, వాళ్ల నాన్నగారు ‘మా బాబు బొమ్మ వేసి పెట్టండి, పది నిమిషాలే కదా’ అంటారు, కాదంటే జనరల్ మేనేజరు దాకా ఫిర్యాదు వెళుతుంది. వారానికి రెండు సాయంత్రాలకు బదులు పక్షానికొకసారి మీ షెడ్డు తలుపులు తెరిచి, ఆసక్తి ఉన్న అతిథులు వచ్చి చూసి మాట్లాడే ఏర్పాటు చేయమని చెప్పండి. నిజంగా ఇష్టమున్నవారే అక్కడి దాకా నడిచి వస్తారు, చిత్రం కొనేవారు కూడా వారిలోనే ఉంటారు. ఆ అమ్మకాల మీద రిసార్టు కమిషన్ అడిగితే, గ్యాలరీలు సాధారణంగా మూడో వంతు నుంచి సగం దాకా తీసుకుంటాయన్నది నిజమే గాని, గ్యాలరీ చేసే పని వీరు చేయడం లేదు కనుక ఇరవై శాతం మించనివ్వకండి. పిల్లల తరగతులు కావాలంటే వాటికి విడిగా గంటల లెక్కన రుసుము, రంగులు, కాగితాలు రిసార్టువే.

మూడు చిత్రాలు ఎక్కువ. ఒకటి ఇవ్వండి, అదీ వారు ఏరుకునేది కాకుండా మీరు చూపిన రెండు మూడింటిలో ఒకటి. కాన్వాసు, రంగులు, ఫ్రేముల ఖర్చు రిసార్టు భరించాలి. మరో చిత్రం కావాలంటే మీ మామూలు ధరకు కొనుక్కోవచ్చు. ‘రెసిడెన్సీ కాలంలో తయారైన సమస్త కృతులు’ అన్న మాటలో మీ స్కెచ్ పుస్తకం కూడా ఇమిడిపోతుందని గమనించారో లేదో. ఇచ్చే చిత్రం తప్ప మిగిలినవన్నీ మీ వెంట ఇంటికి వస్తాయని స్పష్టంగా ఉండాలి.

గుంటూరు నుంచి ముప్పై, నలభై కిలోమీటర్ల దూరానికి రెసిడెన్సీ ఎందుకని ఇంట్లో అడుగుతున్నారని కూడా రాశారు. ఆ దూరం చాలు. తుమ్మపూడి నుంచి రచయిత, చిత్రకారుడు సంజీవదేవ్ గారు హిమాలయాలలోని నగ్గర్ దాకా వెళ్లి రష్యన్ చిత్రకారుడు రోరిక్ కుటుంబం దగ్గర ఉండి వచ్చారు గాని, అందరికీ అంత దూరం అవసరం లేదు. బంధువుల రాకపోకలు, పూట పూటా వంట, పక్కింటివారి పేరంటాలు చేరలేని చోటు ఉంటే పని సాగుతుంది. పైగా మీరు వెళ్లే చోటుకు ఒకవైపు అమరావతి స్తూపం, మ్యూజియం, మరోవైపు ఉండవల్లి గుహలు ఉన్నాయి. పల్నాటి సున్నపురాతి మీద చెక్కిన అమరావతి శిల్పాల్లో గొప్పవి చాలావరకు చెన్నై మ్యూజియంలో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నా, మిగిలినవాటి ముందు వారం రోజులు స్కెచ్ పుస్తకంతో కూర్చోవడానికి ఇంతకన్నా అనువైన విడిది దొరకదు. వారికి పంపే ఉత్తరంలో ఇలాంటి ఒక పథకాన్ని ముందు పెట్టండి. తమ ప్రచారానికి అది ఈతకొలను పక్క బొమ్మల కన్నా ఎక్కువ ఉపయోగపడుతుందని మేనేజరుకు త్వరగానే అర్థమవుతుంది.

ఒంటరిగా ఉండబోతున్నారు కనుక మరొక్క మాట. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతి సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. మీరు ఉద్యోగి కాకపోయినా అక్కడ పనిచేస్తున్న మహిళగా దానికి ఫిర్యాదు చేయవచ్చు. కమిటీ అధ్యక్షురాలి పేరు, ఫోను మొదటి రోజే అడిగి తీసుకోండి. రాత్రిపూట గదికి, షెడ్డుకు మధ్య దారిలో దీపాలు ఉన్నాయో లేదో ముందుగా ఒకసారి వెళ్లి చూసి రండి, అప్పుడే కిటికీలు, కుళాయి కూడా చూసుకోవచ్చు.

ఈ మార్పులన్నీ ఒకేసారి పెడితే వారు బెదురుతారేమోనన్న మీ భయం నాకు అర్థమైంది. ఇందులో వదులుకోగలిగినవి ఉన్నాయి: నాలుగు వారాలా, ఆరు వారాలా అన్నది, పిల్లల తరగతులు, ఇరవై శాతం కమిషన్. వదులుకోకూడనివి కాపీరైట్ వాక్యం, మిగిలిన చిత్రాలు మీవేనన్న వాక్యం, టీడీఎస్ వాక్యం. ఈ మూడింటినీ ఫోనులో మాట్లాడకుండా మెయిల్‌లో పంపండి. ‘అవన్నీ మా హెడ్ ఆఫీసు ఫార్మాటు, మార్చలేం’ అని జవాబు వస్తే, ఫార్మాటును ముట్టుకోకుండా చివర ఒక అనుబంధ పత్రం జతచేసి, ‘ఒప్పందానికి, అనుబంధానికి తేడా వస్తే అనుబంధమే చెల్లుతుంది’ అని రాసి, ఇద్దరూ సంతకం చేయడానికి ఏ హెడ్ ఆఫీసుకూ అభ్యంతరం ఉండనక్కరలేదు. అందుకూ కాదంటే ఈ ఆషాఢానికి ఇంట్లోనే ఉండి, ఆ మూడు చిత్రాలు వేసి, మీ 45,000 ధరకే అమ్ముకోండి. వారు ఒప్పుకుంటే, వారు పంపిన సవరించిన ప్రతిని సంతకానికి ముందు ఇక్కడ పెట్టండి, పేర్లు తీసివేసి పెడితే చాలు, వాక్యం వాక్యం చూసి చెబుతాను.